‘వెళ్ళొస్తాను’ అనే మాట ఉన్న మరో దేశం

మా అమ్మాయి టోక్యోలోనే పుట్టింది. నగరానికి తూర్పున ఉన్న నిషి-కసాయిలో, మా ఇంటికి దగ్గరగా ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. ప్రతి ఉదయం బూట్లు వేసుకుని గుమ్మంలో ఒక్క క్షణం ఆగి ‘ఇత్తె కిమాస్’ అంటుంది, నేను ‘ఇత్తెరాష్షాయ్’ (వెళ్ళి రా) అని బదులిస్తాను. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య కొడుకు ఈ రెండు మాటలనూ అనిమేలలో, అంటే జపాను కార్టూన్ చిత్రాల్లో, కొన్ని వందలసార్లు విన్నాడు. అయితే వాడు చూసేది ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో కాబట్టి, మొదటి దానికి ‘నేను బయలుదేరుతున్నాను’ అన్న అర్థమొక్కటే వాడికి తెలుసు. మొన్న వేసవి సెలవులకు మా దగ్గరికి వచ్చినప్పుడు మా అమ్మాయే వాడికి విడమరిచి చెప్పింది. “ఇత్తె అంటే వెళ్ళి, కిమాస్ అంటే వస్తాను. మన వెళ్ళొస్తానే కదా బావా!”

ఇన్నేళ్ళుగా రోజూ వింటున్నా ఆ పోలిక నాకు తట్టనందుకు ఆశ్చర్యపోయాను. ఇల్లు వదిలేటప్పుడు ‘వెళ్తాను’ అనకూడదని మా అమ్మ మమ్మల్ని ఎన్నిసార్లు సరిదిద్దిందో లెక్కలేదు. సబ్‌టైటిల్స్‌లో పోయేది ఇటువంటిదే. తమ్ముడు అక్కను ‘ఒనేచాన్’ (అక్కా) అని పిలిస్తే కింద ఆమె పేరు పడుతుంది. పెద్దవాళ్ళను పేరుతో పిలవని మన ఇళ్ళ పిల్లవాడు కూడా దానివల్ల జపాను పిల్లలు అక్కను పేరు పెట్టి పిలుస్తారనే అనుకుంటాడు.

మా మేనల్లుడు అనిమే ద్వారా జపానును చాలా ప్రేమించాడు, ఆ ప్రేమ నిజమైనదే. కానీ వాడు నిజమని నమ్మినవాటిలో కొన్ని కల్పనలు, కల్పన అని కొట్టివేసినవాటిలో కొన్ని పచ్చి నిజాలు. బడి మేడమీద కూర్చుని పిల్లలు మధ్యాహ్న భోజనం చేసే దృశ్యం వాడికి ఎంతో ఇష్టం. మా అమ్మాయి బడిలో మేడమీదికి వెళ్ళే తలుపుకు తాళం ఉంటుందని విని చిన్నబుచ్చుకున్నాడు. పిల్లలు తరగతి గదిని తుడిచే దృశ్యాలు మాత్రం ఏదో శిక్షలో భాగమని అనుకున్నాడట. ఒక శుక్రవారం సాయంత్రం నేను మా అమ్మాయి తెచ్చిన తెల్లని పైకోటును ఉతికి ఆరేసి, మరునాడు ఇస్త్రీ చేస్తుంటే అదేమిటని అడిగాడు. ఇక్కడ మధ్యాహ్న భోజనాన్ని పిల్లలే వంతులవారీగా ఆ కోటు, టోపీ వేసుకుని తోటివాళ్ళకు వడ్డిస్తారు. వారం చివర ఎవరి వంతు ముగిస్తే వాళ్ళు కోటును ఇంటికి తెచ్చి, ఉతికి, సోమవారం తరువాతి వంతువారికి అప్పగించాలి. ఆ కోటు కాలరు మడత సరిగా వచ్చిందా లేదా అని మా అమ్మాయి పక్కనే నిలబడి చూస్తుంది. సోమవారం దాన్ని వేసుకోబోయేది ఇంకొకరు కదా. ఏ అనిమేలోనూ ఎవరూ గమనించని ఈ చిన్న కోటులోనే నాకు జపాను ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక విషయం దాపరికం లేకుండా చెప్పాలి. కొన్ని అనిమేలు బడి ఆడపిల్లల దుస్తులనూ శరీరాలనూ చూపే తీరు నాకు బాధ కలిగిస్తుంది, వాటిని మా ఇంట్లో చూడనివ్వను. ఆ బొమ్మలు చూసి ఇక్కడి ఆడపిల్లల గురించి ఒక అభిప్రాయం ఏర్పరచుకునేవాళ్ళు ఉన్నారు. మా అమ్మాయి బడికి అసలు యూనిఫారమే లేదు. వీపున బరువైన రాందోసెరు సంచి, తలపైన పసుపుపచ్చ టోపీ పెట్టుకుని వీధిలో నడిచే ఒకటో తరగతి పిల్లలే నాకు రోజూ ఎదురవుతారు.

షిన్‌చాన్ అనే అల్లరి పిల్లవాడి అనిమే విషయమూ ఇంతే. 2008లో తల్లిదండ్రుల ఫిర్యాదుల వల్ల మన దేశంలో ఆ ప్రసారాన్ని కొంతకాలం ఆపారు. జపాను పిల్లలు పెద్దలకు ఇలా ఎదురు చెబుతారా అని అప్పట్లో మా అన్నయ్య అడిగాడు. ఆ కథ 1990లో పెద్దల కోసం నడిచే మాంగా (బొమ్మల కథల) పత్రికలో మొదలైందనీ, ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామంది కూడా దాన్ని పిల్లలకు చూపడానికి ఇష్టపడేవారు కారనీ నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అదే 2008లో జపాను విదేశాంగ శాఖ డోరేమాన్‌ను అనిమే రాయబారిగా నియమించింది. తన ముఖంగా ఏ బొమ్మను బయటికి పంపాలో ప్రభుత్వమే ఎంచుకున్నదన్నమాట.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మా అమ్మాయితో కలిసి ‘సజాయే-సాన్’ చూసేది. 1969 నుండి వస్తున్న ఆ ధారావాహికలో మూడు తరాలవాళ్ళు ఒకే ఇంట్లో ఉంటారు, సజాయే భర్త అత్తమామల ఇంట్లోనే ఉంటాడు. జపనీస్ ఒక్క ముక్క రాని మా అమ్మ రెండో వారానికే “అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నారా?” అని అడిగింది. ఇక్కడ ఇల్లరికపు అల్లుడు భార్య ఇంటిపేరు తీసుకుంటాడనీ, అతను తన ఇంటిపేరు మార్చుకోలేదు కాబట్టి ఇల్లరికం కాదనీ మా అమ్మాయి వివరించింది. అమ్మ ఆ ఇంటిని చూసి జపానంతా ఉమ్మడి కుటుంబాలే అనుకుంది. ఆ ఇంట్లో నేటికీ నల్లని డయల్ ఫోనే ఉందనీ, ఇక్కడివాళ్ళకు కూడా అది ఒక జ్ఞాపకమేననీ నేను చెప్పవలసి వచ్చింది.

‘మనలాగే’ అన్న తొందర నాకూ ఉంది. 1988లో వచ్చిన టొటొరో సినిమాలో తండ్రి పిల్లలతో కలిసి పెద్ద కర్పూర వృక్షం ముందు తలవంచే ఘట్టం చూసి, మన రావిచెట్టుకు మొక్కినట్టే అన్నాను. “కాదమ్మా, వాళ్ళు కోరికలేమీ కోరుకోలేదు, థాంక్స్ చెప్పారు” అన్నది మా అమ్మాయి. పోలిక కనిపించిన సంతోషంలో నేను ఆ దృశ్యాన్ని సరిగా చూడనే లేదు.

తెరమీది బొమ్మను చూసి దేశాన్ని ఊహించుకునే ఈ బరువు రెండు వైపులా ఉన్నదని మా అమ్మాయికి ఒకటో తరగతిలోనే తెలిసింది. 2022 అక్టోబరులో ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఇక్కడ విడుదలై, 1998లో ఇక్కడ విడుదలైన ‘ముత్తు’ పేరున ఉన్న భారతీయ సినిమాల వసూళ్ళ రికార్డును దాటింది. మీ ఊళ్ళో అందరూ అలా నాట్యం చేస్తారా అని తోటి పిల్లలు అడిగారట. ఇంటికి వచ్చి, తనకు నాట్యం రాదని చెప్పుకోలేక ఏడ్చింది. తన బావ జపాను గురించి అడిగే ప్రశ్నలకు అది ఈనాడు ఓపికగా జవాబు చెప్పడం వెనుక ఆ సాయంత్రం ఉందని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ వీడియో కాల్‌లో ఒకే అనిమే చూస్తారు. సబ్‌టైటిల్స్ వదిలేసిన మాట వచ్చినప్పుడల్లా మా అమ్మాయి ఆపించి తెలుగులో చెబుతుంది, ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. పోయిన వారం ‘ఒత్సుకారెసామా’ దగ్గర ఆగిపోయింది. పని ముగించినవాళ్ళతో, మీరు అలసిపోయారని మర్యాదగా గుర్తిస్తూ అనే మాట అది. నాకూ తెలుగు మాట తోచలేదు. విజయవాడకు ఫోన్ చేసి, పనినుంచి వచ్చినవాళ్ళతో మొదట ఏమంటావని అడిగితే, మా అమ్మ ఆలోచించకుండా “ఎండనపడి వచ్చావు, కూర్చో, మంచినీళ్ళు తెస్తాను” అన్నది. మా అమ్మాయి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంది.