నాన్న గుండెకు మార్కులు

చెల్లెలు పంపిన ఫొటోలో నాన్న ఎకో రిపోర్టు, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ పరీక్ష కాగితం, సగం మడత పడి ఉంది. చదవాల్సినది కనిపించే సగంలోనే ఉంది. గుండె ఎడమ కింది గదిలో ముందు గోడ, కొన కదలడం లేదు. ఈ.ఎఫ్. 35 శాతం. ముందు రాత్రి మల్కాజిగిరిలో నాన్నకు గుండెపోటు వచ్చింది. అజీర్తి అనుకుని సోడా తాగి పడుకున్నాడట. ఆస్పత్రికి చేర్చేసరికి నాలుగు గంటలు దాటింది. వెంటనే యాంజియోప్లాస్టీతో మూసుకున్న దారి తెరిచి, గుండె ముందువైపు దిగే పెద్ద రక్తనాళంలో స్టెంట్ అనే లోహపు జాలీ వేశారు. ఆ సమయానికి నేను బర్మింగ్‌హామ్‌లో డ్యూటీ ముగించుకుని నిద్రపోతున్నాను.

ఫొటో కింద చెల్లెలు రాసింది: "అన్నయ్యా, ముప్పై అయిదంటే గుండె మూడో వంతే పనిచేస్తోందని పక్కింటావిడ అంటున్నారు. అమ్మ అన్నం ముట్టలేదు." వెనకాలే ఇంకొకటి: "పాస్ మార్కులేగా?"

మన పరీక్షల్లో పాస్ మార్కులు ముప్పై అయిదే కాబట్టి ఆ పిల్ల లెక్క ఆ పిల్లది. పైగా మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. మా ఇంట్లో ఏ అంకె వచ్చినా ముందు మార్కులుగానే చదువుతారు.

నేను రోజంతా చేసే పని ఎకోలో ఈ ఈ.ఎఫ్. అంకెను తీయడమే. హైదరాబాద్‌లో అందరూ 'పంపింగ్' అంటారు. నిండిన గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత భాగం బయటకు పోతుందన్నదే ఆ లెక్క. నూటికి నూరు ఎవరికీ రాదు, రాకూడదు కూడా. ఆరోగ్యంగా ఉన్న మగవాడికైనా 52 నుంచి 72 మధ్యే ఉంటుంది. అదే చెల్లెలికి చెప్పాను. అసలు ధైర్యం మాత్రం వేరే మాటలో ఉంది. రక్తం ఆగి మళ్లీ అందిన కండరమంతా చచ్చిపోయి ఉండదు. కొంత మైకంలో పడి ఉంటుంది. స్టెంట్ వేసి దారి తెరిచిన కొత్తలో తీసిన బొమ్మలో ఈ రెండూ ఒకేలా కదలకుండా కనిపిస్తాయి. ఏది లేస్తుందో, ఏది లేవదో తేలడానికి వారాలు పడుతుంది. అందుకే పంపింగ్ ముప్పై అయిదు, అంతకన్నా తక్కువ ఉన్నా గుండె లయ ప్రమాదకరంగా తప్పితే సరిచేసే షాక్ యంత్రాన్ని వెంటనే ఛాతీలో పెట్టేయరు. మందులు వాడుతూ, స్టెంట్ వేశాక మూడు నెలలు ఆగి మళ్లీ చూస్తారు. అప్పటికీ అక్కడే ఉంటే ఆ మాట ఎత్తుతారు.

ఇదంతా ఫోన్లో తడుముకోకుండా చెప్పాను. ఫోన్ పెట్టేశాక టీ కప్పు పట్టుకుంటే చేయి వణికింది.

హైదరాబాద్‌లో ఎకో టెక్నీషియన్‌గా ఉన్నప్పుడు బొమ్మ నాది, సంతకం డాక్టరు గారిది. బ్రిటన్‌లో 250 కేసుల లాగ్ బుక్కు, రాత పరీక్ష, రోగి మీద చేసి చూపించే పరీక్ష దాటాక రిపోర్టు కింద నా పేరే ఉంటుంది. మొదటి ఏడాది ఆ స్వాతంత్ర్యం కన్నా దాని భయమే ఎక్కువ. ఒక్కో మనిషికి ముప్పావు గంట ఇస్తారు. పెద్దవాళ్లు బస్సెక్కి ఒంటరిగా వస్తారు. గది మసక చీకటిగా ఉంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకున్న మనిషికీ నాకూ మధ్య యంత్రం చప్పుడు తప్ప ఏమీ ఉండదు. కొందరు ఆ చీకట్లో, గోడ వైపు చూస్తూ, భార్య పోయిన సంగతి చెబుతారు. స్టెంట్ వేయించుకున్న వాళ్లు మాత్రం దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: నా స్టెంట్ కనిపిస్తోందా?

మామూలుగా కనిపించదు. అడిగినప్పుడల్లా నాకు ఈ పరీక్ష పుట్టుక గుర్తొచ్చి నవ్వొస్తుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు మొదటిసారి గుండె మీద అల్ట్రాసౌండ్ పెట్టారు. ఆ యంత్రం మాల్మో ఓడల కర్మాగారం నుంచి అరువు తెచ్చినది. లోహంలో పగుళ్లు వెతకడం దాని పని. అలా ఇనుమును చూడటానికి పుట్టిన విద్య, గుండెలో వేసిన పిసరంత లోహపు జాలీని చూపించలేదు. అది తెరిచి ఉందో లేదో తేల్చేది రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి తీసే ఎక్స్‌రే, యాంజియోగ్రామ్. మేము చూసేది స్టెంట్ ఏ కండరానికి నీళ్లు పెట్టిందో ఆ చేను. కాలువ సంగతి చేను చూసి ఊహించాలి.

మూడు నెలలకు, మే నెలలో, సెలవు పెట్టి వచ్చాను. నాన్న చిక్కిపోయాడు కానీ బంగినపల్లి పళ్లు లెక్కపెట్టి కొనే ఓపిక మిగిలింది. మర్నాడే రివ్యూకి వెళ్లాం. బయట బెంచీల మీద ఒక్కో రోగితో నలుగురు. టూడీ ఎకో గది తలుపు పక్కన 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు. అరవై దాటిన మగవాళ్లు వరసగా ఆ బోర్డు కింద కూర్చుని ఉన్నారు. మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రం ఉన్న ప్రతిచోటా చట్టం అది పెట్టమంటుందని తెలిసినా, చాలా ఏళ్ల తర్వాత చూసేసరికి ముచ్చటేసింది.

నా పని చెప్పి అడిగితే డాక్టరు గారు లోపలికి రమ్మన్నారు. ఎనిమిది నిమిషాల్లో పరీక్ష అయిపోయింది. మొదటి రెండు నిమిషాలు నా ముఖంలో బ్రిటన్ పొగరు కనిపించే ఉంటుంది. ఆ తర్వాత ఆయన చేయి చూశాను. గుండె కొన దగ్గర ఛాతీ మీద ప్రోబ్ ఆనించగానే తెర మీద గుండె గది గుండ్రంగా, నాటు రసం మామిడిలా కనిపించింది. అలా కనిపించిందంటే నిజమైన కొన చిత్రంలోకి రాలేదన్నమాట. అక్కడ ఆగితే దెబ్బతిన్న భాగం దాగిపోయి పంపింగ్ ఎక్కువగా పలుకుతుంది. ఆయన మాటైనా మాట్లాడకుండా ప్రోబ్‌ను ఒక పక్కటెముక కిందికి, కాస్త పక్కకు జరిపారు. గది బంగినపల్లిలా కోలగా సాగింది. అసలు కొన అప్పుడు కనబడింది. అందులో రక్తం గడ్డ కట్టిందేమోనని అక్కడే రెండు ఊపిర్లు నిలిపి చూశారు. లేదు. ఎనిమిది నిమిషాల్లో ఆయన తగ్గించుకున్నది మాటలనే.

ముందు గోడ కదులుతోంది. నేను కదలిక కాదు, మందం చూస్తున్నాను. రథం తాడు పట్టుకున్న గుంపులో లాగనివాడు కూడా జనంతో పాటు నడుస్తాడు. చచ్చిన కండరం కూడా పక్కవాటి లాగుడుకు కదులుతుంది. నిజంగా పనిచేసే కండరమైతే ప్రతి దెబ్బకూ లావెక్కుతుంది. నాన్నది మధ్య భాగంలో లావెక్కుతోంది. కొన మాత్రం బిగుసుకునే ఉంది. "నలభై ఎనిమిది," అన్నారు డాక్టరు గారు. నేను మనసులో నలభై ఆరు అనుకున్నాను. ఇద్దరి చేతుల మధ్య ఆ మాత్రం తేడా రావడం మామూలే.

పాత ఎకో వీడియో ఉందా అని అడిగాను. నాన్న ఫైలులో సీడీ ఉంది కానీ అది యాంజియోగ్రామ్‌ది. ఎకోకు మిగిలింది కాగితం, దానికి అంటించిన రెండు వెలిసిన బొమ్మలు. బర్మింగ్‌హామ్‌లో అయితే ఆ రాత్రి బొమ్మనూ ఈ రోజు బొమ్మనూ పక్కపక్కన ఆడించి చూస్తాను. యాంజియోప్లాస్టీ తర్వాతి ఎకో అంటేనే పోల్చడం. ఆ ముప్పై అయిదు అర్ధరాత్రి, మంచం పక్కన, వెల్లకిలా పడుకున్న మనిషి మీద ఇంకెవరో తీసింది. ముప్పై అయిదు నుంచి నలభై ఎనిమిదికి వచ్చిన పదమూడులో నాన్న కండరం వాటా ఎంత, చేతుల తేడా ఎంత? గోడ లావెక్కడం కళ్లారా చూశాను కాబట్టి ఎక్కువ వాటా కండరానిదేనని నమ్ముతున్నాను. కానీ నమ్మకాన్ని రిపోర్టులో రాయను.

డాక్టరు గారు మారుమాట లేకుండా ఈసారి వీడియోలు పెన్ డ్రైవ్‌లో వేయించారు. అమ్మ దాన్ని పసుపు గుడ్డలో కట్టి, ఇంటి కాగితాలున్న బీరువా అరలో పెట్టింది.

షాక్ యంత్రం ఊసు ఇక లేదు. ఆటోలో నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తార్నాక దాటాక, "మగవాడికి గరిష్ఠం డెబ్బై రెండన్నావు కదరా?" అన్నాడు.

"గరిష్ఠం అని కాదు నాన్నా, మామూలుగా..."

ఆయన వినలేదు. రాత్రి పాత సహోద్యోగి ఎవరో ఫోన్ చేస్తే వరండాలోంచి గొంతు వినిపించింది: "డెబ్బై రెండుకి నలభై ఎనిమిది మాస్టారూ. అరవై ఆరు పాయింట్ ఆరు ఆరు. ఫస్ట్ క్లాసే."