కంపెనీ దగ్గర ఇరుక్కున్న మా ఏడు లక్షలు ఎలా వచ్చాయంటే

జీడిమెట్లలో మాది చిన్న అట్టపెట్టెల యూనిట్. నేను, మా తమ్ముడు, ఆరుగురు పనివాళ్లు, అంతే. 2023లో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి నాలుగు నెలలు సరుకు పంపితే 7,42,000 రూపాయలు ఆగిపోయాయి. డైరెక్టర్ గారికి ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే సోమవారం వేసేస్తామండీ" అనేవారు. ఈలోపే ఆయన కొత్త కారు కొన్నారు, అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లాయర్ మేడమ్‌ని నేను అడిగిన మొదటి మాటే ఆయన ఇల్లు జప్తు చేయించగలమా అని. ఆవిడ బిల్లులు తిరగేసి "వీటి మీద ఎవరి పేరుంది?" అన్నారు. అన్నింటి మీదా కంపెనీ పేరే. "మరి మీకు బాకీ పడింది కంపెనీ, ఆయన కాదు." నాకు కోపం వచ్చింది, ఆర్డర్ ఇచ్చింది ఆయనే కదా! అప్పుడు 1897 నాటి సాలమన్ తీర్పు గురించి చెప్పారు. ఇంగ్లండులో ఒక బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చి, 20,007 షేర్లలో 20,001 తనే ఉంచుకున్నాడు, మిగతా ఆరూ ఇంట్లోవాళ్లవి. అయినా కంపెనీ మునిగినప్పుడు దాని అప్పులకు ఆయన బాధ్యుడు కాడని అప్పట్లో అక్కడి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మన కోర్టులదీ అదే దారి, మోసం చేయడానికే కంపెనీని అడ్డం పెట్టుకున్నారని రుజువైతే తప్ప. బాకీ కట్టనంత మాత్రాన మోసం అయిపోదట. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పోనీ కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్దామంటే, 2020 మార్చి నుంచి బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి.

మాకు కలిసొచ్చింది వాళ్లిచ్చిన మూడు లక్షల చెక్కు. అది బౌన్స్ అయింది. చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే చీటీ, అదే రిటర్న్ మెమో, అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలని తెలియక, ఆయన "కొన్నాళ్లాగి మళ్లీ వేయండి" అన్న మాట నమ్మి 19 రోజులు ఊరికే పోగొట్టాను. ఆ మిగిలిన 11 రోజుల టెన్షన్ ఎవరికీ వద్దు. పైగా నేను రాసుకెళ్లిన నోటీసులో డైరెక్టర్ పేరు ఒక్కటే ఉంది. చెక్కు కంపెనీదైతే కంపెనీని కూడా నిందితుల్లో చేర్చాలి, లేకపోతే డైరెక్టర్ మీద కేసు నిలవదని 2012లో అనితా హాడా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని మేడమ్ మొత్తం మార్చి రాశారు. రెండో డైరెక్టర్ ఆయన భార్య, ఆవిడనీ చేర్చమన్నాను. రోజువారీ వ్యాపారం చూడని మనిషిని లాగొద్దని మేడమ్ ఒప్పుకోలేదు, అది సరైనదేనని తర్వాత నాకే అనిపించింది. నోటీసు అందాక 15 రోజులు ఆగాం, డబ్బు రాలేదు, నెలలోపు మా బ్యాంకు బ్రాంచి పరిధిలోని కోర్టులో కేసు వేశాం.

మిగతా 4,42,000 కోసం చిన్న యూనిట్ల బకాయిల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాం. చిన్న యూనిట్‌గా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చే మా ఉద్యం సర్టిఫికెట్ 2021 నాటిది, అంటే సరుకు పంపకముందుదే, అది చాలా ఉపయోగపడింది. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో కట్టకపోతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 కాబట్టి 20.25 శాతం. దానికి ఆ కంపెనీవాళ్లు రెండు లోడ్లు తడిసి వచ్చాయన్నారు. ఆ రెండు చలాన్ల మీద గేటు స్టాంపు లేదు, నా గుండె ఆగినంత పనైంది. మా తమ్ముడు పాత ఫోన్ వెతికి, వాళ్ల స్టోర్ అతను "సరుకు అందింది, బాగుంది" అని పెట్టిన వాట్సాప్ మెసేజ్ బయటికి తీశాడు.

ఆ దరఖాస్తును విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో మూడో సమావేశానికి వాళ్ల లాయరే రాజీకి వచ్చాడు. కౌన్సిల్ నుంచి అవార్డు, అంటే తీర్పు, వచ్చాక దాన్ని సవాలు చేయాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి, ఆ సంగతి అతనికి తెలుసు. అసలు మొత్తం ఐదు వాయిదాల్లో, వడ్డీ కింద 40,000. వడ్డీ అంత వదులుకున్నందుకు మా తమ్ముడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. చెక్కు కేసు లోక్ అదాలత్‌లో ముగించుకున్నాం.

చివరి వాయిదా పడేసరికి మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. ఆ డబ్బు మా ఖాతాలో ఒక్క పూట కూడా నిలవలేదు. మాకు క్రాఫ్ట్ పేపరు వేసే పెద్దాయన అన్నాళ్లూ కాగితం ముక్క కూడా అడక్కుండా అరువిచ్చారు, ఆ సాయంత్రమే వెళ్లి ఆయన బాకీ కట్టేశాం.