టాపు కోసిన కారు కోసం ఎల్ మిరాజ్ దాకా

ముప్పై ఎనిమిదేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడిపినవాణ్ణి. లారీ ఛాసిస్ పొడిగించాం, అంబాసిడర్ డోర్లకు కింద తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతికాం, గుద్దుకుని ముద్దయిన కేబిన్లను మళ్లీ కేబిన్లలా చేశాం. అలాంటివాణ్ణి అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చోబెట్టి టీవీ రిమోట్ చేతికిస్తే ఎన్నాళ్లు చూస్తాను? మూడో వారానికి గ్యారేజీలో గడ్డి కోసే మిషను విప్పేశాను. ఆ సాయంత్రమే మా అల్లుడు, "మామయ్యగారూ, శని ఆదివారాలు మీకోసం ఖాళీ పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్దాం చెప్పండి" అన్నాడు. మిషను మీద భయం వల్లే అన్నాడని మా అమ్మాయి తర్వాత చెప్పింది.

బీచ్‌లూ గుళ్లూ అయిపోయాయి. పాత కార్లు చూపించమన్నాను.

శనివారం లాస్ ఏంజెలెస్‌లో విల్షైర్ రోడ్డు మీదున్న పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియానికి వెళ్లాం. బిల్డింగు ఎర్ర రంగు, దాని చుట్టూ గాలికి ఎగిరినట్టు స్టీలు పట్టీలు వంచి చుట్టారు. లోపలికి వెళ్లకముందే పది నిమిషాలు ఆ పట్టీల బోల్టులు చూస్తూ నిలబడ్డాను. లోపల కోట్లు ఖరీదు చేసే కార్లు వరసగా ఉన్నాయి. అద్దంలా మెరిసే పెయింటు, బంగారు రంగు బీడింగు. బాగున్నాయి. కాళ్లు మాత్రం ఆగలేదు.

ఆగింది ఒక చిన్న కారు దగ్గర. ఎరుపు, తెలుపు, నీలం రంగులు. తలుపు మీద 2డి అని నంబరు. 1934 ఫోర్డు కూపే, అంటే రెండు తలుపుల కారు. ఒంటి మీద ఎవరో కూర్చుంటే అణిగిపోయినట్టుంది. కిటికీ ఉండాల్సిన చోట సందు ఉంది, పోస్టుబాక్సు నోరు గుర్తొచ్చింది. కంటి కొలతకు ఎనిమిది, తొమ్మిది అంగుళాల రేకు స్తంభాల్లోంచి లేచిపోయింది. పైకప్పు అంతా దించేశారు.

"ఇది యాక్సిడెంటు బండా, మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"యాక్సిడెంటు కాదండీ. కావాలని కోశారు. ఎవడో మంచి పనివాడు కోశాడు."

బోర్డు చదివి అల్లుడు చెప్పాడు. కాలిఫోర్నియాలోనే ఇంగిల్‌వుడ్ కుర్రాళ్లు, బాబ్ పియర్సన్, డిక్ పియర్సన్ అనే అన్నదమ్ములు రేసు కోసం తయారుచేసిన కారు. ఇంజను ఎడెల్‌బ్రాక్ అనే రేసు విడిభాగాల షాపులో పనిచేసే బాబీ మీక్స్ కట్టాడు. గంటకు 150 మైళ్లు, మన లెక్కలో 240 కిలోమీటర్లు దాటింది. 1950 ఏప్రిల్‌లో 'హాట్ రాడ్' పత్రిక అట్ట మీదికి ఎక్కింది. ఆ పత్రికను 1948లో మొదలుపెట్టిన వాళ్లలో ఒకడైన రాబర్ట్ పీటర్సన్ పేరు మీదే ఈ మ్యూజియం. ఆ తర్వాత కారు చాలా చేతులు మారి, చివరికి బ్రూస్ మేయర్ అనే సేకరణకర్త దగ్గరికి చేరి, మళ్లీ మొదటి రూపానికి వచ్చింది.

నాకు కావలసింది ఆ కోత. ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే రోడ్డు మీద కారు చూసేవాళ్లకు ఈ కష్టం తెలియదు.

టాపు కోయడం అంటే నాలుగు స్తంభాల్లోంచి తలా కొన్ని అంగుళాలు తీసేసి కప్పు కిందికి దించి వెల్డింగ్ చేయడం. చెప్పడానికి ఇంతే. 1930 ఫోర్డు మోడల్ ఏ లాంటి బండ్లకు స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి, కాబట్టి కోసిన ముక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. 1934 బండికి అలా కుదరదు. ముందు స్తంభాలు వెనక్కి వాలి ఉంటాయి, కప్పు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. బొక్కెన బోర్లించి మధ్యలోంచి ఒక పట్టీ కోసి తీసేసి, పైముక్కను కిందిముక్క మీద పెట్టి చూడండి. అంచులు కలవవు. కప్పును చీల్చి వెడల్పు చేసి మధ్యలో కొత్త రేకు వేయాలి, లేదా స్తంభాలను వంచి కప్పు దగ్గరికి తేవాలి.

పియర్సన్ సోదరులు ముందు స్తంభాలను బాగా వెనక్కి పడుకోబెట్టారు. అందులో ఒక తెలివి ఉంది. అప్పటి రేసు రూల్సులో ముందు అద్దం కనీసం 7 అంగుళాలు ఉండాలన్నారట. నిలువుగా కొలవాలా, అద్దం వెంట కొలవాలా అన్నది వీళ్లకు దొరికిన సందు. అద్దం వెంట టేపు పెడితే 7 వస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే అంత లేదు. గాలికి తగిలేది ఎదురుగా కనిపించేదే కదా. మన దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఇలాంటి లెక్క చెబితే బండి స్టేషన్లో ఉండేది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నాకు ఇంటి నంబరు కంటే బాగా గుర్తు: ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు.

ఈ కార్లు పరిగెత్తిన నేల ఇంకా ఉందా అని అడిగాను. అల్లుడు ఫోన్లో వెతికాడు. ఉండటమే కాదు, మర్నాడు ఆదివారమే అక్కడ పరుగులు ఉన్నాయి.

పొద్దున్న నాలుగింటికి బయలుదేరాం. కాహోన్ కనుమ ఎక్కేసరికి తెల్లవారింది. 395 రోడ్డు మీద అడెలాంటో దాటి ఎడమకు తిరిగితే ఇక ఊళ్లు లేవు. అల్లుడి ఎలక్ట్రిక్ కారు స్క్రీను మీద అంకె తగ్గుతున్నకొద్దీ ఆయనకు టెన్షన్. ఏసీ ఆపేశాడు. నాకు చెమట. ఇదే నా డీజిల్ జీపు అయితే అనబోయి ఊరుకున్నాను, అల్లుడు కదా.

ఎల్ మిరాజ్ ఎండిన చెరువు. మన చెరువు లెక్కన ఊహించుకోకండి. ఆరు మైళ్ల పొడవు, గట్టు లేదు, తూము లేదు, చెట్టు లేదు. వానాకాలం నీళ్లు నిలిచి ఆరిపోయి బంకమట్టి బీటలు తీసి గట్టిపడింది. వంగి అరచేత్తో తట్టాను. కల్లం అలికి ఎండబెట్టినట్టుంది. పైన మాత్రం గోధుమపిండిలాంటి ధూళి.

ఈ నేలకు ఒక కథ ఉంది. 1932లో ఫోర్డు కంపెనీ మామూలు జనం కొనగల ధరలో వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టింది, 65 గుర్రాల బలం. కొన్నేళ్లకు ఆ బండ్లు పాతబడి చవగ్గా కుర్రాళ్ల చేతికొచ్చాయి. మడ్‌గార్డులు ఊడదీసి, ఎడారిలోని మ్యూరాక్ అనే ఇంకో ఎండిన చెరువు మీద పందేలు పెట్టుకునేవారు. ఆ గందరగోళం అదుపులో పెట్టడానికే 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. మ్యూరాక్‌ను సైన్యం విమానాలకు తీసేసుకుంది, ఇప్పుడది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కుర్రాళ్లు ఎల్ మిరాజ్‌కు చేరారు. సైన్యంలోనూ విమాన ఫ్యాక్టరీల్లోనూ రేకు పని, వెల్డింగ్ నేర్చుకుని వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. తమాషా ఏమిటంటే, ఆ అసోసియేషన్ మొదట్లో టాపు లేని రోడ్‌స్టర్లనే రానిచ్చింది, కూపేలకు చోటు లేదు. రస్సెటా అని ఇంకో సంఘం వాటిని రానిచ్చింది. పియర్సన్ల కారు ఆ గుంపులోదే.

ఏడు దాటాక పరుగులు మొదలయ్యాయి. పక్కపక్కన రెండు బండ్లు పరిగెత్తుతాయేమో అనుకున్నాను. కాదు. ఒక్కో బండే, తన గడియారంతో తనే పోటీ. గేర్లు పెద్దవి కాబట్టి చాలా బండ్లు సొంతంగా కదలలేవు, వెనకనుంచి పికప్ ట్రక్కు నెట్టుకుంటూ పోయి వదిలేస్తుంది. మైలు పైన కొంత దూరం ఊపు అందుకుని, చివర 132 అడుగుల మధ్య వేగం కొలుస్తారు. 150 మైళ్ల మీద వెళ్లే బండికి ఆ 132 అడుగులు సెకనులో పదింట ఆరు వంతులు. మేం నిలబడిన చోటికి బండి కనిపించదు. వెనకాల లేచిన దుమ్ము తోక ఒక్కటే కనిపిస్తుంది. శబ్దం తర్వాత వస్తుంది.

బండ్లు ఆపుకునే చోట తిరుగుతుంటే ఒక 1932 కూపే కనబడింది. టాపు కోసినదే. బూడిద రంగు ప్రైమరు మాత్రమే కొట్టి ఉంది. పక్కన మడత కుర్చీలో నాకంటే పెద్దాయన. నేను కారు చుట్టూ ఒకసారి తిరిగి తలుపు స్తంభం దగ్గర ఆగాను. వేలితో తడమాలని ఉంది. అడిగాను, నా ఆటోనగర్ ఇంగ్లీషులో, "సార్, టచ్?"

తల ఊపాడు.

కళ్లు మూసుకుని వేలు నడిపాను. అతుకు పడిన చోట రేకు కొంచెం చల్లగా, మెత్తగా తగులుతుంది. లప్పం అయితే ఇలా ఉండదు. కళ్లు తెరిచి "లెడ్?" అన్నాను. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

ఆ తర్వాత గంటసేపు మా అల్లుడికి అనువాదం పనే. కారు ఆ పెద్దాయన తండ్రిది. ఈయన చిన్నప్పుడు ఇంటి వెనక కొట్టంలో కోశారట. ఆ రోజుల్లో ప్లాస్టిక్ లప్పం లేదు. అతుకు గ్యాసుతో వెల్డింగ్ చేసి, రుద్ది, దాని మీద ముందు తగరం పూయాలి. ఇది నాకు అల్లుడు చెప్పక్కర్లేదు, ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం చూసినవాడికి అర్థమవుతుంది. కళాయి లేకపోతే సీసం రేకును పట్టుకోదు. ఆ మీద సీసం కడ్డీని మంటతో మెత్తబరిచి, కొవ్వు రాసిన చెక్క తెడ్డుతో నెయ్యి రాసినట్టు రాయాలి. మంట ఒక క్షణం ఎక్కువైతే సీసం జారి నేల మీద పడుతుంది. తక్కువైతే ముక్కలుగా విరుగుతుంది. నిలువు స్తంభం మీద ఆ పని చేయడం! చివరికి ఆకురాయితో రుద్దుకోవాలి.

అద్దం సంగతి అడిగాను. ఆ కాలం కార్లవి చదును అద్దాలు, కొలత ప్రకారం కోసుకోవచ్చు. అంబాసిడర్‌కు ఇది ఎందుకు కుదరదో అప్పుడు అల్లుడికి చెప్పాను. దాని ముందు అద్దమే వంపు తిరిగి ఉంటుంది, టాపు దించితే ఆ అద్దం పెట్టడానికి చోటుండదు.

ఆయన బానెట్ తెరిచి చూపించాడు. వాల్వులన్నీ బ్లాకులోనే ఉండి, పైన హెడ్డు పలకలా చదునుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఫ్లాట్‌హెడ్ అంటారు. దాంట్లో ఒక పెద్ద లోపం ఉంది. కాలిన పొగ బ్లాకు మధ్యలోంచి, నీళ్ల గదుల పక్కనుంచి బయటికి పోతుంది. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు పొగ గొట్టాలు మూడే, మధ్య రెండింటికీ ఒకటే దారి. నీళ్లు కాగక ఏం చేస్తాయి? అలాంటి ఇంజను నుంచి ఇంకా బలం పిండటం కష్టం. వేగం రెట్టింపు కావాలంటే గాలిని కోయడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. అందుకే ఆ కుర్రాళ్లు హ్యాక్సా పట్టుకున్నారు. గుర్రాలు కొనడానికి డబ్బు లేదు, గాలికి తగిలే రేకు తీసేయడానికి ఖర్చు లేదు. మా షెడ్డులో నేనెప్పుడూ పొడిగించడమే చేశాను, లారీకి ఇంకో నాలుగు బస్తాల చోటు కోసం. ఒక్క బండినీ పొట్టి చేయమని ఎవరూ అడగలేదు.

కూర్చుని చూడమన్నాడు. నా ఎత్తు ఆరడుగులకు అంగుళం తక్కువ. ముందు ఎడమ కాలు, తర్వాత నడుము, తర్వాత తల పెట్టాలి. నేను తల ముందు పెట్టాను. ఠంగుమంది. పెద్దాయన నవ్వలేదు, కారుకు ఏమైనా అయిందా అని చూశాడు. అది నాకు నచ్చింది. లోపల కూర్చున్నాక మెడ వంచితే తప్ప ముందు కనబడదు. కనబడేది కూడా తెల్లటి గీతలాంటి చెరువు, పైన కొంచెం ఆకాశం. నూట యాభై మైళ్ల మీద ఆ సందులోంచి చూస్తూ పోవడం అంటే... నేను పోను.

మధ్యాహ్నానికి గాలి లేచింది. మా అమ్మాయి కట్టిచ్చిన పెరుగన్నం మూత తీయగానే ధూళి పడింది. తిన్నాం. ఆయనకూ పెడతానంటే వద్దన్నాడు, మాగాయ ముక్క మాత్రం నోట్లో వేసుకుని కళ్లు తుడుచుకున్నాడు.

దారిలో అడెలాంటోలో ఛార్జింగ్‌కు ఆగాం. నుదుటి మీద బొప్పి తడుముకుంటూ ఆ స్తంభం ఫోటోలు మా షెడ్డు పెయింటర్‌కు వాట్సాప్ పంపాను. అక్కడ తెల్లవారుజాము. అయినా వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నా, ఫినిషింగ్ ఏంటి ఇలా ఉంది! లప్పం ఏ కంపెనీది?"

"లప్పం కాదురా. సీసం."

కాసేపు మాట లేదు.

"సీసమా? కిలో ఎంతకు తెచ్చాడంట?"