నర్సింగ్ సీటు వచ్చిన ఏడాదే టీబీ కూడా వచ్చింది

సీటు కన్ఫర్మ్ అయ్యాక మెడికల్ ఫిట్‌నెస్ కోసం చెస్ట్ ఎక్స్‌రే తీస్తారు కదా, అందులో బయటపడింది నాది. కుడివైపు కింద భాగం అంతా తెల్లగా ఉంది. అప్పటికే సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కలో పొడిచినట్టు అవ్వడం ఉన్నాయి కానీ ఎంట్రన్స్ టెన్షన్, నిద్ర లేకపోవడం, వాటి వల్లే అనుకున్నాం. నెమ్ము చేసిందేమో అంది అమ్మమ్మ. డాక్టర్ గారు చెప్పిన పేరు ప్లూరల్ ఎఫ్యూజన్, అంటే ఊపిరితిత్తిని చుట్టి ఉండే రెండు పొరల మధ్య నీరు చేరడం, కాబట్టి అమ్మమ్మ చెప్పింది మరీ తప్పేం కాదు.

నీరు తీయడం గురించి చెప్పాలి. మంచం అంచున కూర్చోబెట్టి, ముందు టేబుల్ మీద దిండు వేసి దాని మీదకి వాలమన్నారు, వీపు వైపు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి పక్కటెముకల మధ్య నుంచి సూది పెట్టారు. నొప్పి ఏదో ఓర్చుకోవచ్చు గానీ దగ్గు ఆపుకోవడం ఉంది చూడండి, కదలొద్దు దగ్గొద్దు అంటారు, నీరు తగ్గి ఊపిరితిత్తి తెరుచుకునే కొద్దీ దగ్గే తన్నుకొస్తుంది. సిస్టర్ గారు నా ఎదురుగా నిలబడి రెండు భుజాలూ పట్టుకుని "అయిపోయిందమ్మా, ఇంకొంచెం" అంటూనే ఉన్నారు, అది అయిపోలేదని ఆవిడకీ తెలుసు నాకూ తెలుసు. బాటిల్‌లో పసుప్పచ్చటి నీరు. దాంట్లో ఏడీఏ అనే ఎంజైమ్ బాగా ఎక్కువ వచ్చింది, మిగతా రిపోర్టులు కూడా కలిపి చూసి టీబీ అని తేల్చారు. కఫంలో మాత్రం ఏమీ రాలేదు.

ఆర్నెల్ల కోర్సు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్, నాలుగూ కలిపి, తర్వాత మందుల సంఖ్య తగ్గిస్తారు. ట్రీట్‌మెంట్ ఒక దారిలో పడి ఫిట్‌నెస్ వచ్చేసరికి క్లాసులు చాలా దూరం వెళ్ళిపోతాయి, అటెండెన్స్ సరిపోదు, కాబట్టి వచ్చే ఏడాది బ్యాచ్‌లో చేరండి అన్నారు కాలేజీలో. సీటు ఉంచుతాం అని నోటిమాటగా అన్నారంతే. అక్క ఊరుకోలేదు, ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, ఫీజు ఎలా సర్దుతారో కూడా రాయండి అని అడిగి తీసుకొచ్చింది. ఎవరికైనా ఇలా అడ్మిషన్ వాయిదా పడితే ముందు ఈ పని చూసుకోండి, ఏడుపు తర్వాత ఏడవొచ్చు.

నేను ఏడ్చింది మా బ్యాచ్ గ్రూప్‌లో యూనిఫామ్ ఫోటోలు వచ్చినప్పుడు. గ్రూప్ మ్యూట్ చేశాను, ఎగ్జిట్ అవ్వడానికి మాత్రం మనసు రాలేదు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఇచ్చిన సలహా ఒకటే, ఖాళీగానే ఉన్నావు కదా ఇప్పట్నుంచే అనాటమీ చదివేసుకో అని. ఖాళీ ఎక్కడుంది? పొద్దున్నే పరగడుపున టాబ్లెట్లు వేసుకుంటే మధ్యాహ్నం దాకా వికారం, మందులు లివర్ మీద పడుతున్నాయేమో అని బ్లడ్ టెస్టులు, కాళ్ళు తిమ్మిర్లు రాకుండా బీ6, యూరిన్ ఎర్రగా వస్తే కంగారు పడొద్దు అది రిఫాంపిసిన్ వల్లే అని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది లేకపోతే నేను కంగారుతోనే పోయేదాన్ని. ఇథాంబ్యుటాల్ వల్ల అరుదుగా ఎరుపు ఆకుపచ్చ రంగులు సరిగ్గా తెలియకుండా పోతాయంట, అది విన్నప్పట్నుంచి రోజూ సిగ్నల్ లైట్ల వైపు అనుమానంగా చూడటం ఒక పని. ఎముకల చాప్టర్ తీస్తాను, క్లావికల్, అదే మెడ కింద ఎముక, దాటేలోపు నిద్ర. ఇంకో రకం జనం ఉన్నారు, దేవుడు నీకు ముందే ట్రైనింగ్ ఇస్తున్నాడు అనేవాళ్ళు. వాళ్ళని ఏమీ అనలేం, కానీ నాకు ఒళ్ళు మండేది. జబ్బు జబ్బే, ట్రైనింగ్ కాలేజీలో ఇస్తారు. ఈ ఏడాదిని ఎలాగైనా వాడుకోవాలి అనే పట్టుదల వదిలేసి, మందులు తప్పకుండా వేసుకోవడమే ఇప్పటికి నా పని అని అనుకున్నాక కాస్త తిండి సహించింది, నిద్ర కూడా పట్టింది.

మధ్యలో ఒక ఆంటీ అడిగారు, టీబీ వచ్చినవాళ్ళని నర్సుగా తీసుకుంటారా అని. అది నాకూ లోపల ఉన్న భయమే, అందుకే చదివాను. 1920ల్లో ఓస్లోలో హైంబెక్ అనే డాక్టర్ నర్సింగ్ స్టూడెంట్స్‌నే గమనించాడు, చేరేటప్పుడు టీబీ స్కిన్ టెస్ట్ నెగటివ్ ఉన్న, అంటే అప్పటిదాకా టీబీ క్రిమి సోకని అమ్మాయిలకే ట్రైనింగ్‌లో టీబీ ఎక్కువగా వచ్చేది, అందుకే వాళ్ళకి బీసీజీ టీకా వేయించడం మొదలుపెట్టాడు. అంటే ఈ ఉద్యోగానికీ ఈ జబ్బుకీ పాత పరిచయమే. కోర్సు పూర్తిచేసి నయమైనవాళ్ళు పని చేసుకోవచ్చు. కాకపోతే స్కిన్ టెస్ట్ నయమయ్యాక కూడా పాజిటివ్ చూపించొచ్చు, ఎక్స్‌రేలో పొర మందంగా మిగిలిపోవచ్చు, కాబట్టి పాత ఫిల్ములూ, కోర్సు పూర్తయినట్టు ఇచ్చిన కాగితమూ పారేయకూడదు. నాకు రెండోసారి ఫిట్‌నెస్‌లో అదే జరిగింది, ఇదేంటి ఇక్కడ అని ఆగారు, పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూపించాక సంతకం పెట్టారు.

ఇప్పుడు క్లాసులు మొదలయ్యాయి. మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తుంది, బ్రీతింగ్ ఎక్సర్‌సైజులు చేస్తున్నా. అసలు ఇబ్బంది వేరే ఉంది, నాతో పాటు సీటు వచ్చినవాళ్ళంతా ఇప్పుడు నాకు సీనియర్లు, కాలేజీలో వాళ్ళని అక్కా అని పిలవాలంట. వార్డులో పిలుస్తున్నాను, మ్యూట్ తీసేసిన గ్రూప్‌లో మాత్రం ఒసేయ్ అనే.