కడుపు కుదుటపడడానికి మూడు నెలలు పట్టింది

గత ఏడాది ఫిబ్రవరిలో పంటి చిగురు వాచి, పది రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకున్నాను. చిగురు తగ్గింది గానీ కడుపు పాడైంది. తిన్న అరగంటకే పొట్ట ఉబ్బరం, తెల్లవారితే మూడు నాలుగు సార్లు విరేచనం. విశాఖలో మేముండే సీతమ్మధార నుంచి గాజువాకలో ఉన్న ఆఫీసుకు బస్సులో వెళ్ళాలంటే గుండె దడదడలాడేది. దారి మధ్యలో దిగిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

డాక్టరు గారు రక్తపరీక్ష, మలపరీక్ష చేయించారు. ఏ లోపమూ కనిపించలేదు. యాంటీబయాటిక్ చెడ్డ క్రిములతో పాటు పేగుల్లో మనకు మేలు చేసే బాక్టీరియాను కూడా చంపేస్తుందని, అది మళ్ళీ పెరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని చెప్పారు. మలంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా వెంటనే రమ్మన్నారు. ఈ మాట నేను అందరికీ చెబుతాను. ఆ లక్షణాలు ఉన్నప్పుడు పెరుగు తింటూ ఇంట్లో కూర్చోకూడదు.

పులిసిన ఆహారం మంచిదని తెలియగానే అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. పూటకో పెద్ద గిన్నెడు పెరుగు, ఉప్పునీటిలో ఊరిన ముల్లంగి, పైగా గుప్పెడు పచ్చి మొలకలు. నాలుగు రోజుల్లో పొట్ట డోలులా బిగుసుకుంది. పీచును, పప్పుల్లోని కొన్ని పిండిపదార్థాలను పేగుల్లోని బాక్టీరియా తిన్నప్పుడు గాలి పుడుతుంది. అలవాటు లేని పేగుకు ఒక్కసారిగా అంత పెడితే అది తట్టుకోలేదు. అన్నీ ఆపేసి ఒక నోటు పుస్తకం కొన్నాను. వారానికి ఒక్క పదార్థమే కొత్తగా చేర్చాలని, అది కూడా చెంచాలతో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను.

మొదటి వారం పెరుగు. మా ఇంట్లో చాలా ఏళ్ళుగా ప్యాకెట్ పెరుగే. కింది వాటాలో ఉండే పిన్నిగారిని అడిగి ఒక చెంచా తోడు తెచ్చుకున్నాను. మొదటి రెండు రోజులూ సరిగ్గా తోడుకోలేదు. అమ్మకు ఫోన్ చేశాను. "పాలల్లో వేలు పెట్టి చూడమ్మా. వెచ్చగా, హాయిగా ఉండాలి. చుర్రుమంటే తోడు చచ్చిపోతుంది" అంది. మూడో రోజు పెరుగు గిన్నె వంచినా కదలలేదు. పాలు తాగితే ఉబ్బరించే నా పొట్ట ఈ పెరుగును ఒప్పుకుంది. తోడులోని బాక్టీరియా పాలల్లోని చక్కెరను కొంత తినేసి ఆమ్లంగా మారుస్తుంది, అందుకే తేలిక.

రెండో వారం నుంచి తోడన్నం. నాకు అన్నిటికన్నా మేలు చేసింది ఇదేనని నా నమ్మకం. రాత్రి అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచా పెరుగు కలిపి మట్టి మూకుడులో మూత పెట్టేదాన్ని. పొద్దున మూత తీస్తే మీద సన్నని మీగడ, కొద్దిగా పుల్లని కమ్మటి వాసన. పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు కలుపుకుని తినేదాన్ని. కడుపు మండుతున్న రోజుల్లో పచ్చిమిర్చి మానేశాను. మే నెలలో విశాఖ ఉక్కకు తెల్లవారేసరికి పుల్లబడిపోయేది. అందుకని పడుకునే ముందు ఆలస్యంగా తోడు వేసి, అయిదింటికి లేచి ఫ్రిజ్‌లో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

కుండలో గంజి, అన్నం పులియబెట్టే తరవాణి కూడా పెట్టాలని చూశాను. అమ్మమ్మ వంటింటి మూల ఉండే ఆ కుండ, గంజిలో తేలే దబ్బాకుల వాసన ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. మొదటిసారి పెట్టినది జిగటగా సాగి, కుళ్ళు వాసన వేసింది. రుచి కూడా చూడకుండా పారబోశాను. తడి అన్నం వేడిలో చాలాసేపు ఉంటే అందులో పెరిగే ఒక రకం బాక్టీరియా విడిచే విషం మళ్ళీ కాచినా పోదు. పులుపు త్వరగా ఎక్కితేనే అలాంటివి అణుగుతాయి. పెరుగుతో తోడు పెట్టడం నాకు నచ్చడానికి అదొక కారణం.

ఇడ్లీ కూడా పులిసిన పిండిదే కదా, అది చాలదా అని అందరూ అడుగుతారు. పిండి పులియడం వల్ల ఇడ్లీ తేలికగా అరుగుతుంది, నిజమే. కానీ ఆవిరి పట్టగానే అందులోని బాక్టీరియా చచ్చిపోతుంది. మజ్జిగ పులుసుదీ అదే సంగతి. ఆవకాయ నాకు ప్రాణమే అయినా అంత ఉప్పు, కారం, నూనె ఉన్నదాన్ని కడుపుకు మందు అనుకోలేను.

నెల తర్వాత పీచు పెంచాను. రైతు బజారు నుంచి తోటకూర, అరటికాయ, వారానికి మూడు రోజులు చోడి (రాగి) అంబలి. బాక్టీరియాను లోపలికి పంపితే చాలదు, దానికి తిండి కూడా పెట్టాలి. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 36 మంది ఆరోగ్యవంతుల మీద పది వారాల ఆహార ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పులిసిన ఆహారం తిన్నవారి పేగుల్లో బాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే ప్రోటీన్లు తగ్గాయి. పీచు మాత్రమే పెంచినవారిలో ఆ గడువులో రకాలు పెరగలేదు. చిన్న ప్రయోగమే, అయినా ముందు పెరుగు, తర్వాత పీచు అనే నా వరుస మీద నాకు ధైర్యం కలిగింది.

నోటు పుస్తకం ప్రకారం మూడో వారానికి విరేచనాలు రెండుకు తగ్గాయి. ఏడో వారంలో ఒక సోమవారం గాజువాకలో దిగాక గాని గుర్తు రాలేదు, దారంతా కడుపు ఊసే తలచుకోలేదని. ఏప్రిల్ చివరికి పూర్తిగా కుదుటపడింది. ఇందులో కొంత కాలమే నయం చేసి ఉంటుంది, కాదనను.

ఆగస్టులో నాలుగు రోజులు ఊరికి వెళ్ళి వచ్చేసరికి తోడు బూజు పట్టింది. గిన్నె పట్టుకుని కిందికి వెళ్ళాను. "మా తోడు వేసవిలోనే పోయిందమ్మా. ఇది మీ ఇంటి నుంచి తెచ్చుకున్నదే" అంటూ పిన్నిగారు రెండు చెంచాల పెరుగు వేసి ఇచ్చారు.