సెయింట్ రాక్ డెక్ మీద నిలబడి

ఈరోజు పాపతో వాంకూవర్ మారిటైమ్ మ్యూజియంకి వెళ్లాను. లోపల సెయింట్ రాక్ అనే పోలీసు ఓడ ఉంది, నమూనా కాదు, అసలుదే. 1940లో వాంకూవర్ నుంచి బయల్దేరి, రెండు చలికాలాలు ఆర్కిటిక్ మంచులో ఇరుక్కుని, 1942లో హాలిఫాక్స్ చేరింది. 1944లో తిరుగు ప్రయాణం 86 రోజులే! అప్పుడు ఆర్కిటిక్ ఆదివాసులైన ఒక ఇన్యూట్ కుటుంబం, పిల్లలతో సహా, డెక్ మీద గుడారం వేసుకుని ఉందట. ఆ డెక్ చూస్తే మన వంటగదంత కూడా ఖాళీ కనిపించలేదు.

1985లో అమెరికా ఐస్‌బ్రేకర్ (మంచును చీల్చే ఓడ) పోలార్ సీ కెనడా అనుమతి అడక్కుండానే వాయవ్య మార్గంలో, అంటే సెయింట్ రాక్ వెళ్లిన ఆ ఆర్కిటిక్ సముద్ర దారిలో, వెళ్లింది. ఆ నీళ్లు మావేనని కెనడా గట్టిగా అంటుంది. నా దృష్టిలో ఆ మాటకు అసలు బలం ఓడలు కాదు, తరతరాలుగా అక్కడ బతుకుతున్న ఇన్యూట్‌లే. అలాంటివాళ్లలో కొన్ని కుటుంబాలను 1953లో కెనడా ప్రభుత్వం ఇంకా ఉత్తరాన గ్రీస్ ఫియర్డ్ అనే చోటికి తరలించింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. అది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

"వాళ్ల పిల్లలకి చలేయలేదా నాన్నా?" అని పాప దారంతా అడుగుతూనే ఉంది.