చేతికి తెలిసింది పేపర్ మీదికి రాలేదు: పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్, నా ఫస్ట్ ఇయర్

ముందే చెప్తున్నా, నేను టాపర్‌ని కాదు. ఫస్ట్ ఇయర్‌లో ఒక సబ్జెక్టు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కినదాన్ని. తప్పింది బయోకెమిస్ట్రీ అనుకునేరు. కాదు, మెడికల్ సర్జికల్ నర్సింగ్. కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చాను. ఏ సబ్జెక్టుకైతే పుస్తకం తెరవకపోయినా పర్లేదనుకున్నానో అదే పోయింది. 75కి 31. ఇంటర్నల్స్‌లో 25కి 16 ఉన్నాయి, అవి కలిపినా 47. పాస్ అవ్వాలంటే యాభై శాతం రావాలి.

ఈ కోర్సు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) పూర్తి చేసి, నర్సుగా, మిడ్‌వైఫ్‌గా నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి ఇది రెండేళ్ల రెగ్యులర్ డిగ్రీ. హాజరు, పోస్టింగులు అన్నీ పక్కాగా ఉంటాయి కాబట్టి ఉద్యోగం చేస్తూ చదవొచ్చులే అనుకోవద్దు. నేను మానేసే చేరాను. సర్వీసులో ఉన్నవాళ్లకి ఇగ్నోలో మూడేళ్ల దారి ఒకటుంది, దానికి ఎంట్రన్స్ రాయాలి. ఆ దారిలో నేను వెళ్లలేదు కాబట్టి దాని గురించి సలహాలు ఇవ్వను.

ఎందుకు చేరావని అందరూ అడుగుతారు. నేను ఐవీ లైన్ పెట్టడం నేర్పించిన అమ్మాయి, బీఎస్సీ ఉందని, రెండేళ్లలో నాకు ఇన్‌ఛార్జి అయింది. మంచి అమ్మాయే, కోపం ఆమె మీద కాదు. మా బ్యాచ్ అప్పుడు జీఎన్‌ఎం మూడున్నరేళ్లు. అంత చదివి, అంత పని చేసి, డ్యూటీ రోస్టర్ మాత్రం ఇంకొకరు వేస్తే తీసుకోవడం కష్టంగా అనిపించింది. పైగా ఎమ్మెస్సీ చేయాలన్నా, కాలేజీలో పాఠం చెప్పాలన్నా ముందు డిగ్రీ ఉండాల్సిందే. నాలుగేళ్ల పాపను కోసిగిలో మా అమ్మ దగ్గర వదిలి, బుధవారపేటలో రూము తీసుకున్నాను.

ఫస్ట్ ఇయర్‌లో సబ్జెక్టులు చాలానే ఉంటాయి. మైక్రోబయాలజీ, న్యూట్రిషన్, బయోకెమిస్ట్రీ బయోఫిజిక్స్, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్, మెటర్నల్, చైల్డ్ హెల్త్, మెడికల్ సర్జికల్, ఇంకా ఇంగ్లిష్. ఇంటర్ బైపీసీ చదివి పదేళ్లు దాటినవాళ్లకి బయోకెమిస్ట్రీ అంటే టెన్షన్. నాకూ అంతే, అందుకే రోజూ పొద్దున్నే గంటన్నర దానికే ఇచ్చాను. కణంలో గ్లూకోజ్ విరిగే క్రమం, అదే గ్లైకాలిసిస్‌ను గోడకి అంటించి, పళ్లు తోముకుంటూ చదివాను. ఒక గ్లూకోజ్ అణువు విరిగితే చివరికి మిగిలేది రెండు ఏటీపీలు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. భయం చదివించింది, పాస్ చేసింది. మైక్రోబయాలజీలో గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకి రంగు వేసి గుర్తుపట్టే పరీక్ష) వరుస తప్పకుండా రాయగలిగితే సగం ధైర్యం వస్తుంది: క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, శాఫ్రనిన్. సైకాలజీకి మాత్రం నేను పెద్దగా కష్టపడలేదు. తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అని చావు ఎదురైన మనిషి మనసు గురించి కుబ్లర్ రాస్ 1969లో చెప్పిన ఐదు దశలు చదువుతుంటే ఐసీయూ బయట బెంచీ మీద కూర్చునే బంధువుల మొహాలు వరుసగా గుర్తొచ్చాయి.

న్యూట్రిషన్‌లో ఒక చిన్న మాట. రక్తహీనత ఉన్న గర్భిణికి ఒక రోజు మెనూ రాయమంటే మేమందరం ఇంటర్నల్స్‌లో యాపిల్, ఖర్జూరం, దానిమ్మ అని రాశాం. మా మేడమ్ పేపర్లు దిద్ది, ‘పత్తి చేనుకి పోయే మనిషి రోజూ యాపిల్ తింటదా?’ అని అడిగారు. ఆ తర్వాత నేను జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, బెల్లం వేసిన వేరుశనగ ఉండ, అన్నంలోకి నిమ్మకాయ అని రాశాను. నిమ్మకాయ ఎందుకంటే విటమిన్ సి ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ వద్దని, ఐరన్ ఫోలిక్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయని కూడా చేర్చాను. మంచి మార్కులు వచ్చాయి.

ఇక అసలు సంగతికి వస్తాను.

రిజల్ట్ వచ్చాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. క్లాసులో జీఎన్‌ఎం అవ్వగానే చేరిన ఫ్రెషర్లు అందరూ పాస్. ‘అక్కా, నువ్వు తప్పడమేంది?’ అని వాళ్లు జాలిపడుతుంటే ఇంకా మండింది. పేపర్ దిద్దినవాళ్లదే పొరపాటని గట్టిగా నమ్మాను. నాలుగో రోజు ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, పరీక్షలో ఏం రాశానో గుర్తున్నంత మేరకు మళ్లీ రాసి చూశాను. పెద్ద ప్రశ్న ఒకటి, ఛాతీలో ట్యూబు వేసిన రోగికి నర్సింగ్ కేర్. నేను కనీసం రెండొందల మంది ఐసీడీ (ఛాతీలో ట్యూబు వేసి, దాన్ని కింద సీసాకి కలపడం) పేషెంట్లను చూసి ఉంటాను. రాసింది మాత్రం ఇలా ఉంది: వైటల్స్ చెక్ చేయాలి. బాటిల్ కింద పెట్టాలి. డ్రెయిన్ ఎంత వచ్చిందో రాయాలి. డాక్టర్‌కి చెప్పాలి. ముప్పావు పేజీ.

అది జవాబు కాదు, నర్సెస్ నోట్. ఎనిమిదేళ్లుగా కేస్ షీట్లో ఏది రాశానో అదే రాసి వచ్చాను.

అప్పుడే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొడుకు మంచం పక్కన నిలబడి అడిగాడు. ‘సిస్టరమ్మా, ఈ సీసా నేల మీదనే ఎందుకు పెట్టాల? కాలు తగుల్తాది, పైన పెడతా.’ నేను, ‘డాక్టర్ చెప్పినారు పెద్దాయనా, కదిలించొద్దు’ అన్నాను. నిజానికి అప్పుడు నా దగ్గర ఉన్న జవాబు అంతే. చెయ్యి సరిగ్గానే చేస్తోంది, నోరు మాత్రం ఎందుకో చెప్పలేకపోయింది. పరీక్షలో అడిగేదీ ఆ ‘ఎందుకు’నే.

ఆ రోజు సాయంత్రం ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొని, ప్రతి పేజీని మూడు గడులుగా గీశాను. మొదటి గడిలో వార్డులో ఏం చేస్తాను, రెండో గడిలో ఎందుకు చేస్తాను, మూడో గడిలో చేయకపోతే ఏమవుతుంది. మొదటి గడి పుస్తకం చూడకుండా నింపేదాన్ని. రెండో గడికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయేది. ఆగినచోటల్లా పుస్తకం తెరిచాను. అంతకు మించి నా దగ్గర టెక్నిక్ ఏమీ లేదు.

కొన్ని ఉదాహరణలు ఇస్తాను, ఎందుకంటే సీనియర్ నర్సులు ఎక్కడ దొరికిపోతారో వీటిలో తెలుస్తుంది. సీసా ఛాతీ కంటే కిందే ఉండాలి, లేకపోతే అందులో ద్రవం వెనక్కి ఛాతీలోకి పోతుంది. ట్యూబు కొస నీళ్లలో రెండు సెంటీమీటర్లు మునిగి ఉండాలి, లోపలి గాలి బుడగలుగా బయటికి పోవాలి కానీ బయటి గాలి లోపలికి రాకూడదు. రక్తం ఎక్కించేటప్పుడు నార్మల్ సెలైన్ తప్ప ఇంకేదీ అదే లైన్లో ఎక్కించం, డెక్స్‌ట్రోజ్ కలిస్తే ఎర్ర కణాలు పగులుతాయి. ఒక బ్యాగు నాలుగు గంటల్లోపు పూర్తి చేస్తాం, ఎక్కువసేపు బయట ఉంటే బ్యాక్టీరియా పెరుగుతుంది. తలకి దెబ్బ తగిలినవాళ్లకి తలవైపు 30 డిగ్రీలు ఎత్తుతాం, మెదడు నుంచి రక్తం కిందికి తేలిగ్గా దిగి ఒత్తిడి తగ్గడానికి. డయాబెటిక్ కీటో అసిడోసిస్‌లో (షుగర్ అదుపు తప్పి రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడు) ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు పొటాషియం చూస్తాం, ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది కాబట్టి, అప్పటికే తక్కువ ఉంటే గుండె లయ తప్పుతుంది.

కాలిన గాయాల దగ్గర నేను నిజంగా సిగ్గుపడ్డాను. కాలిన రోగికి మొదటి 24 గంటల్లో ఎంత ద్రవం ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ ఫార్ములా నాకు నోటికి వచ్చు: నాలుగు మిల్లీలీటర్లు, బరువు, కాలిన శాతం, మూడూ గుణించాలి. 60 కిలోల మనిషి 30 శాతం కాలితే 7,200 మిల్లీలీటర్లు, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో. కానీ ఆ ఎనిమిది గంటలు లెక్కపెట్టాల్సింది ఆస్పత్రికి వచ్చిన దగ్గర నుంచి కాదు, కాలిన దగ్గర నుంచి. ఊరి నుంచి ఆటోలో, అక్కడి నుంచి బస్సులో మూడు గంటల తర్వాత చేరిన మనిషికి మిగిలింది ఐదు గంటలే. ఇన్నేళ్లూ డాక్టర్ రాసిన రేటు పెట్టాను కానీ ఆ రేటు ఎందుకంత ఎక్కువో ఆలోచించలేదు.

నోట్‌బుక్ నిండాక రాసే పద్ధతి మార్చాను. నిర్వచనం, కారణాలు, శరీరంలో ఏం జరుగుతుంది, లక్షణాలు, పరీక్షలు, వైద్యం, ఆ తర్వాతే నర్సింగ్ కేర్. నర్సింగ్ కేర్‌ను అసెస్‌మెంట్, నర్సింగ్ డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్ అని విడగొట్టి, చేసే ప్రతి పని పక్కన రేషనేల్, అంటే ఎందుకు చేస్తున్నామో రాశాను. ఫ్రెషర్లకి ఇది జీఎన్‌ఎం నుంచి వేడివేడిగా గుర్తుంటుంది, మనకే తుప్పు పట్టి ఉంటుంది. బొమ్మ వేయగలిగిన ప్రతి చోటా పెన్సిల్‌తో బొమ్మ వేసి భాగాల పేర్లు రాశాను.

ఇంకో ఇబ్బంది ఎవరూ చెప్పరు, చెయ్యి నొప్పి. మూడు గంటలు ఆపకుండా రాసి ఎన్నేళ్లయిందో ఆలోచించండి. మొదటిసారి రెండో గంటకే నా బొటనవేలు బిగుసుకుపోయి చివరి ప్రశ్న సగంలో వదిలేశాను. సప్లిమెంటరీకి ముందు ఆరు ఆదివారాలు జిల్లా గ్రంథాలయంలో ఫోన్ ఆఫ్ చేసి, గడియారం పెట్టుకుని పాత పేపర్ పూర్తిగా రాశాను. మొదటి ఆదివారం 40 మార్కుల దగ్గర టైం అయిపోయింది. ఆరో ఆదివారం పది నిమిషాలు మిగిలాయి. రాసినవి ఫ్రెషర్ అమ్మాయికి ఇచ్చి దిద్దమనేదాన్ని. నాకంటే పదేళ్లు చిన్నది, ఎర్ర పెన్నుతో ‘అక్కా, ఎందుకు?’ అని మార్జిన్‌లో రాసేది. అహం పక్కన పెట్టడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

సప్లిమెంటరీలో 75కి 49 వచ్చాయి.

పిల్లలున్నవాళ్లు అడిగే ప్రశ్నకి నిజాయితీగా చెప్పాలంటే, అమ్మ లేకపోతే నావల్ల అయ్యేది కాదు. శనివారం సాయంత్రం ఎమ్మిగనూరు మీదుగా కోసిగి వెళ్లి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చేదాన్ని. ఆ ఆరు వారాలు అదీ లేదు. పాప ఫోన్లో మాట్లాడటం మానేసింది. ఆ లోటు నేను ఇంకా తీర్చుకుంటున్నాను.

ఇప్పుడు సెకండ్ ఇయర్. సోషియాలజీ, కమ్యూనిటీ హెల్త్, మెంటల్ హెల్త్, ఎడ్యుకేషన్, అడ్మినిస్ట్రేషన్, రీసెర్చ్. ఇక్కడ నా తిప్పలు రివర్స్ అయ్యాయి, వార్డు అనుభవం కాదు, ఊరి అనుభవం పనికొస్తోంది. వలసల మీద సోషియాలజీ ప్రశ్నకి మా ఊళ్లో సుగ్గికి పోయేవాళ్ల గురించే రాశాను. మిరపకోతలకి గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి, ఇంటికి తాళం, బడికి పిల్లలు లేరు, టీకా కార్డులో గడులు ఖాళీ. సబ్ సెంటర్ మైదానంలో ఐదు వేల మందికి, కొండ ప్రాంతంలో మూడు వేల మందికి ఒకటి అని బట్టీ పట్టడం తేలికే. ఆ ఐదు వేలలో వెయ్యి మంది మూడు నెలలు ఊళ్లోనే లేకపోతే ఏఎన్‌ఎం ఎవరికి టీకా వేయాలి? ఆ వాక్యం రాశాక మేడమ్ పక్కన టిక్కు పెట్టారు. నోట్‌బుక్‌లో ‘ఎందుకు’ గడి ఇక్కడా పనిచేస్తోంది.

స్టాటిస్టిక్స్ ఒక్కటే ఇంకా లొంగలేదు. సగటు, మధ్యగతం వరకు బాగానే ఉన్నా, స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర ప్రతిసారీ వర్గమూలం తీయడం మర్చిపోతున్నాను. వచ్చే నెల పరీక్షలు, ఎడ్యుకేషన్ లెసన్ ప్లాన్ సగమే అయింది. పాఠం టాపిక్ నేనే ఎంచుకున్నాను, ఐసీడీ ఉన్న రోగి బంధువులకి ఏం చెప్పాలి అని. చార్టు మీద సీసా బొమ్మ వేశాను, నేల గీత ఇంకా గీయాలి.